బోరు నీళ్ల ఉప్పు

గుత్తి రోడ్డు మిల్లులో బుడ్డలు ఏరే మారెక్క
గుప్పెడు గింజలు కొంగున ముడేసుకుని
మా ల్యాబుకు వచ్చింది.
ఒకదాన్ని గోటితో చీల్చి ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇది చెడ్డది" అంది.
నేను చూస్తే ఏమీ లేదు. పైన గులాబీ పొర, లోపల తెలుపు.
"కాయ ఊరేటప్పుడు వాన మొండికేసిందమ్మా.
నేల బీటలిచ్చె. ఆ సందుల్లోంచి బూజు దూరింటాది.
మొన్న రెండు లారీలు వెనక్కొచ్చినాయి,
మాకు కూలి సగమే ఇచ్చినారు.
నీ మిషన్ను అడిగి సూడు."

అడిగాను.
కంటికి కనీకనపడని ఎర్ర వెలుగు
గాజు పలక మీద పడి, పడినట్టే లేచి పోయింది.
కోటి కాంతి రేణువుల్లో ఒకటో రెండో
అణువును తాకి, రంగు మార్చుకుని తిరిగొస్తాయి.
ఆ ఒకటిరెండే సాక్ష్యం.
మిగతాదంతా తిరునాళ్ల గోల.
తెర మీద గీత
ఎండిన పెన్నలా చదునుగా పడుకుంది.

అందుకే వెండి.
మరుగుతున్న వెండి నైట్రేటులో
సిట్రేటు బొట్టు బొట్టుగా వేస్తే
నీళ్లు ముందు పసుపు, తర్వాత పాచిపట్టిన కుండ రంగు.
అందులో కోట్ల వెండి పూసలు,
ఒక్కోటి తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు.
వెలుగు తగిలితే వాటిలోని ఎలక్ట్రాన్లు
ఉరుము మోతకు జనం ఊగినట్టు ఒక్క ఊపున ఊగుతాయి,
పక్కనున్న అణువు గొంతు ఆ ఊపులో కలిసి పెద్దదవుతుంది.
పుస్తకంలో అట్లా ఉంది.
నా సీసాలో మాత్రం మూడు నెలలుగా ఏమీ లేదు.

ఆ రోజు పన్నెండుకు కరెంటు పోయింది.
డిస్టిల్డ్ వాటర్ అప్పటికే అయిపోయింది.
మా అటెండరు షేక్షావలి నాకు చెప్పకుండా
సీసాలన్నీ బోరు నీళ్లతో కడిగాడు.
గిన్నె అడుగున సున్నం గడ్డకట్టించే నీళ్లు,
అతని ముగ్గురు పిల్లల పళ్ల మీద
గోధుమ మరకలు పెట్టిన నీళ్లు.
వెండి పోయగానే నల్లబడింది.
"చెడిపాయ మేడమ్, పారబోస్తా" అన్నాడు తల గోక్కుంటూ.
ఉండనీ అన్నాను.
మారెక్క ఇంకా గడప దగ్గరే కూర్చుని ఉంది,
అందుకేనేమో.

కరెంటు వచ్చాక, గింజ రసం మీద ఒక్క చుక్క.
గీత లేచింది.
పదహారు వందలకు కాస్త ఇవతల
గుత్తి కొండంత నిటారుగా.

ఉప్పు చేసిన పని.
ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగే పూసల్ని
అది దగ్గరకు లాగి,
నడుమ ఒక్క అణువు పట్టేంత సందు మిగిల్చింది.
రెండు మిద్దెల మధ్య ఇరుకులో
ఎండాకాలం గాలి కూత పెట్టదూ,
వెలుగు అక్కడ అట్లా కూత పెట్టింది,
లక్షల రెట్లు.

మారెక్క తెరను చాలాసేపు చూసింది.
"నేను చెప్పిందే చెప్పనీకి దీనికి వెండి కావాల్నా?
ఎన్ని తులాలు?"
ఆవగింజంత కూడా ఉండదన్నాను.
నవ్వలేదు. కాలు ముడుచుకుంది,
కడియాల గుర్తు మాత్రం మిగిలిన కాలు.
"ఆ గీత కాయితం మీద అచ్చేసియ్యి.
సేటు నా ముక్కును నమ్మడు."
ఇచ్చి పంపాను.

మర్నాడు అదే సీసా, అదే గింజ.
ఏమీ లేదు.
పూసలన్నీ కాఫీ గసిలా అడుక్కి దిగిపోయాయి.
మూడుసార్లు వస్తే నమ్ముతానన్నాడు మా సారు.
న్యాయమే.
కానీ కాగితం అప్పటికే మిల్లుకు చేరింది.

ఇప్పుడు ఉప్పు తూచి వేస్తున్నాను, మిల్లీగ్రాముల్లో.
ఒకసారి వస్తుంది, రెండుసార్లు అలుగుతుంది.
షేక్షావలి పోల్చడానికని బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి
చీటీ అంటించాడు.
"తాగడానికి కాదు" అని రాశాడు.
రాసి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడి,
ఆ మాట కొట్టేశాడు.